మూడో దెబ్బకి లేవాలి

ఇరవై రెండేళ్ళుగా నేను హైస్కూల్లో డ్రిల్లు మాస్టార్ని. మా గ్రౌండు మూలనున్న వేపచెట్టు మీద దయ్యముందని ఎవడైనా అంటే, వాణ్ణి ఆ చెట్టు చుట్టూ ఐదు రౌండ్లు పరిగెత్తించేవాణ్ణి. ఒక్కడికీ దయ్యం కనిపించలేదు. పిక్కలు పట్టేశాయని మాత్రం చాలామంది ఏడ్చారు. ఇలాంటివి నమ్మేవాళ్ళని చూస్తే నాకు జాలి కూడా కలిగేది కాదు, చిరాకేసేది. ఇప్పుడు ఇది రాస్తున్నందుకు నా మీద నాకే చిరాగ్గా ఉంది.

మాది విజయనగరం. మా కర్రసాము జట్టులో పద్దెనిమిది మందిమి ఉండేవాళ్ళం, ఆదివారాలు సాధన చేసేవాళ్ళం. కొన్నేళ్ళ క్రితం మాలో ఒకడు, ఎక్కడో పాత యుద్ధాన్ని ఉన్నదున్నట్టు మళ్ళీ చేసి చూపించేవాళ్ళని ఫోన్లో చూశాడు. మనమూ చేద్దామన్నాడు.

గజపతినగరం దాటి కాస్త లోపలికి వెళితే ఒక మట్టి దిబ్బ ఉంది. ఒకప్పుడు చిన్న కోట. ఎవరిదో పెద్ద సైన్యం వచ్చి ఒక్క మధ్యాహ్నంలో దాన్ని పడగొట్టిందనీ, లోపలున్న ఆడవాళ్ళూ పిల్లలూ కూడా మిగల్లేదనీ ఆ చుట్టుపక్కల చెప్పుకుంటారు. వాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. ఏటా వరికోతలయ్యాక, దిబ్బ కింద చేను ఖాళీ అయినప్పుడు, ఆదివారాలు అక్కడే సాధన చేసి, చివర్లో జనం ముందు ఆ యుద్ధం మేం చేసేవాళ్ళం.

నాటకం కాదిది. డైలాగులుండవు, మైకులుండవు. ముతక పంచెలు, ఎర్ర నడికట్లు, తలపాగాలు. కత్తులు బొబ్బిలిలో వీణలు చేసేవాళ్ళ దగ్గర మిగిలిన పనసకర్ర ముక్కలతో చెక్కించుకున్నవి. ఎవడి చేతికైనా వాచీ కనిపిస్తే నేను ఊరుకునేవాణ్ణి కాదు. ఒకసారి ఒకడు రబ్బరు చెప్పులతో యుద్ధానికి వచ్చాడు. శవంగా కూడా పనికిరావురా అని తిట్టి ఇంటికి పంపేశాను.

ఎవడు ఎవడితో కొట్లాడాలో, ఎన్నో దెబ్బకి పడాలో, ఎక్కడ పడాలో అన్నీ ముందే అనుకుంటాం. పడే చోట నేనే సున్నంతో గుండ్రంగా గుర్తు పెడతాను, కబడ్డీ కోర్టు గీసినట్టే. పక్కన పరిగెత్తేవాడి కాళ్ళ కింద పడకూడదు కదా. అందరూ పడ్డాక కాసేపు కదలకుండా ఉండాలి. తర్వాత డప్పు మూడుసార్లు మోగుతుంది. మూడో దెబ్బకి చచ్చినవాళ్ళందరూ లేవాలి. ఎండలో ఎవడికైనా నిజంగానే ఏమైనా అయితే వెంటనే తెలియాలని నేను పెట్టిన పద్ధతి అది.

మా బావని ఇందులోకి లాక్కొచ్చింది కూడా నేనే.

బావ అంటే మా అక్క భర్త. పేరు సత్యం. ఇళ్ళకి రంగులేసే మేస్త్రీ. వాళ్ళకి ఒక్కతే కూతురు, పైడి. తొమ్మిదేళ్ళ పిల్ల. నాలుగు రోజుల జ్వరంతో పోయింది.

పైడికి కుడిచేతి చిటికెనవేలు పై కణుపు ఉండేది కాదు. మూడేళ్ళప్పుడు తలుపు సందులో పడి తెగిపోయింది. ఆ తలుపు వేసింది బావే. అప్పట్నుంచీ ఎక్కడికి తీసుకెళ్ళినా ఆ చెయ్యే పట్టుకుని నడిపించేవాడు, ఆ మొండివేలు బొటనవేలితో నిమురుతూ ఉండేవాడు. పెళ్ళిళ్ళలో, బస్సుల్లో, ఎక్కడ చూసినా అంతే.

పిల్ల పోయాక బావ పని మానేశాడు. రోజంతా గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. అలా ఏడాది పైనే గడిచింది. ఒకరోజు అక్క నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

"ఒరే, మీ బావ కూడా పోయేలాగున్నాడురా. ఎక్కడికో ఓ సోటికి తీసుకుపోరా. తిట్టి తీసుకుపోతావో, కొట్టి తీసుకుపోతావో నాకు తెల్దు."

తీసుకుపోయాను. కోట వైపు సైనికుడి వేషం ఇచ్చాను. మూడు వారాలు తిరిగేసరికి మనిషిలో మార్పొచ్చింది. ఆదివారం వచ్చిందంటే నాకన్నా ముందే తయారై వీధిలో నిలబడేవాడు. అక్క మొహంలో కాస్త వెలుగొచ్చింది. అంతా నా గొప్పే అనుకుని లోలోపల పొంగిపోయాను.

ఒక్కటే తేడా. బావ తన గుర్తు మీద పడేవాడు కాదు.

అతని గుర్తు చేనులో, దిబ్బకి కాస్త ఇవతల ఉండేది. బావ దెబ్బ తిన్నాక దిబ్బ వైపు నడిచి అక్కడ పడేవాడు. ఎడం పక్కకి ఒరిగి, కుడిచెయ్యి చాచి, అరచెయ్యి తెరిచి. కొత్త కదా అని రెండుసార్లు ఊరుకున్నాను. మూడోసారి, సున్నం కళ్ళకి కనబడ్డం లేదా అని అందరిలో కేకలేశాను. తలూపాడు. మళ్ళీ అక్కడే పడ్డాడు. ఒళ్ళు మండి టేపు తెచ్చి కొలిచాను. గుర్తు నుంచి పదకొండు అడుగులు. తర్వాతి వారం కొలిచినా పదకొండే.

పైగా మూడో దెబ్బకి లేచేవాడు కాదు. మొదట్లో ఒక నిమిషం ఆలస్యం, తర్వాత రెండు, తర్వాత ఐదు. ఒకసారి నేను వెళ్ళి భుజం పట్టి కుదిపితేగానీ కళ్ళు తెరవలేదు. తెరిచి నన్ను చాలా కోపంగా చూశాడు. మా అక్కని చేసుకున్న ఇన్నేళ్ళలో బావ నన్ను అలా చూడ్డం అదే మొదటిసారి.

ఫోన్లో వీడియో తీశాం. అందులో బావ తన గుర్తు మీద కాలు పెట్టాడు, పడబోతూ ఆగాడు, ఎవరో పిలిచినట్టు దిబ్బ వైపు తల తిప్పాడు. శబ్దం పెంచి ఐదారుసార్లు విన్నాను. గాలి తప్ప ఏమీ లేదు.

ఆ సాయంత్రం బస్సులో ఏమైందని అడిగాను. కిటికీలోంచి బయటికి చూస్తూ, "అక్కడ పడుకుంటే సెయ్యి పట్టుకుంటాదిరా" అన్నాడు.

ఎవరు అని నేను అడగలేదు. మొహం చూస్తే తెలిసిపోయింది. నాకు భయమేమీ వెయ్యలేదు. పిల్లని పోగొట్టుకున్న మనిషి ఏదో అనుకుంటున్నాడు, అంతే కదా. అయినా ఎండలో అలా లేవకుండా పడుంటే ప్రాణం మీదకి వస్తుందని, బావకి డప్పు పని ఇచ్చి ఆ వేషం మా జట్టులోని రమణకి ఇచ్చాను. "ఆ సోటు నాకు ఉంచెయ్యరా, నీ కాళ్ళట్టుకుంటాను" అని బావ నలుగురిలో బతిమాలాడు. నేను మెత్తబడలేదు.

రమణ ఆటో నడుపుతాడు. పెళ్ళి కాలేదు. పైడి సంగతి వాడికి తెలియదు. వాడి నోరు మూతపడదు, శవంగా పడుకుని పక్క శవంతో సినిమా కబుర్లు చెప్పే రకం. బావ తప్పుగా పడే చోటు వాడు చూసే ఉంటాడు, అది మాత్రం కాదనను.

రమణ గుర్తు మీద కాలు పెట్టి ఆగాడు. దిబ్బ వైపు నడిచాడు. ఎడం పక్కకి ఒరిగి, కుడిచెయ్యి చాచి పడ్డాడు. మూడో దెబ్బకి అందరికన్నా ముందు లేచి, తిన్నగా బోరింగు దగ్గరికి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు. ఒక్క కుడిచెయ్యే. చాలాసేపు కడిగాడు.

"ఏటయ్యిందిరా?"

"ఏటీ నేదు మాస్టారూ. నాను ఇంక రానండి."

వేషం మడిచి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ రోడ్డు మీద కనిపిస్తే బాగా పలకరిస్తాడు. ఆ మాటెత్తితే మాత్రం ఆటో స్టార్ట్ చేసేస్తాడు.

తర్వాతి ఆదివారం ఆ వేషం నేనే వేశాను. ఈ పిచ్చి ఇంతటితో తేలిపోవాలని నా పంతం.

మధ్యాహ్నం నాలుగైంది. ఎండ బాగానే ఉంది. గట్టు మీద మేకలు కాసేవాళ్ళిద్దరు కూర్చుని చూస్తున్నారు. దెబ్బ తిన్నాను. గుర్తు మీద కాలు పెట్టాను. ఇక్కడే పడాలి, ఇక్కడే పడాలి అని పళ్ళు బిగించి అనుకున్నాను. నన్నెవరూ పిలవలేదు, ఏమీ వినిపించలేదు. పడేసరికి మాత్రం నా మొహం ముందు దిబ్బ ఉంది. ఆ పదకొండు అడుగులు నేనెప్పుడు నడిచానో నాకు గుర్తు లేదు.

కళ్ళు మూసుకున్నాను. కుడి అరచెయ్యి తెరిచే ఉంది. కాసేపటికి అందులోకి ఒక చెయ్యి వచ్చింది.

చిన్న చెయ్యి. పొడిగా, మట్టి మట్టిగా, వెచ్చగా ఉంది. షేక్‌హ్యాండ్ ఇచ్చినప్పటిలా దాని బొటనవేలు నా బొటనవేలి పక్కకి వచ్చింది, అంటే కుడిచెయ్యే. ఇన్నేళ్ళుగా పిల్లల చేతులు పట్టుకుని వరసలో నిలబెట్టినవాణ్ణి, పసిపిల్లల చెయ్యి ఎలా ఉంటుందో నాకొకరు చెప్పక్కర్లేదు. నమ్మనివాణ్ణి, అయినా ఆ క్షణంలో నేను వెతికింది పైడి మొండివేలు కోసమే.

చిటికెనవేలు నిండుగా ఉంది. గోరు పొడుగ్గా పెరిగి నా చర్మంలోకి గుచ్చుకుంది.

అప్పుడు భయమేసింది. డప్పు మొదటి దెబ్బ వినిపించింది. ఆ చెయ్యి బిగిసింది. రెండో దెబ్బకి దిబ్బ వైపు లాగడం మొదలుపెట్టింది, జాతరలో పిల్లలు బొమ్మల కొట్టు వైపు లాగినట్టు. మూడో దెబ్బకి గట్టిగా అరిచి, చెయ్యి విదిలించుకుని లేచి కూర్చున్నాను. నాకు దగ్గర్లో ఎవరూ లేరు. నా చేతి మీద ఏ గుర్తూ లేదు. ఉన్నా బాగుండేది, ఎవరికైనా చూపించేవాణ్ణి. డప్పు పట్టుకుని బావ నన్నే చూస్తున్నాడు.

గజపతినగరంలో బస్సు కోసం ఇద్దరమే నిలబడ్డాం. చెప్పాలో వద్దో తేలలేదు. చెబితే ఆ మనిషికి కూతురు రెండోసారి పోయినట్టే. చెప్పకపోతే ఏదో ఒక రోజు ఆ దిబ్బ దగ్గర పడుకుని మరి లేవడు, మా అక్క ఒంటరిదైపోతుంది. చివరికి ధైర్యం తెచ్చుకున్నాను.

"బావా, అది పైడి కాదు. వేళ్ళన్నీ ఉన్నాయి."

బావ టీ గ్లాసు అరుగు మీద పెట్టాడు. ఏడుస్తాడనుకున్నాను.

"తెలుసురా. మొదటి రోజే సూసుకున్నాను. ఆ యేలు నాకు తెల్దేటి?"

"మరి తెలిసీ ఎందుకు పడుకుంటున్నావు?"

"ఎవులి పిల్లైతే ఏటిరా? ఒక్కర్తీ ఉన్నాది. సెయ్యి పట్టుకోడానికి ఎవులూ నేరు."

ఆ రాత్రే అందరికీ ఫోన్లు చేసి, చేనుగలాయన ఒప్పుకోలేదని అబద్ధమాడి ఆ ఏటి ప్రదర్శన ఆపేశాను. కత్తులూ డప్పూ మా ఇంట్లో అటకెక్కించాను.

రెండు వారాల తర్వాత, ఆదివారం మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. బావ అన్నం తినకుండా బయటికి పోయాడట, ఫోను ఇంట్లోనే వదిలేశాడట. ఎక్కడున్నాడో నాకు తెలుసు. బండి తీశాను. ఎందుకో డప్పు కూడా దించి పట్టుకెళ్ళాను.

అక్కడే పడున్నాడు. ఎడం పక్కకి ఒరిగి, చెయ్యి చాచి. ఈసారి అరచెయ్యి తెరిచి లేదు, దేన్నో పట్టుకున్నట్టు మూసి ఉంది. భుజం కుదిపాను. చెంపల మీద కొట్టాను. ఊపిరి ఆడుతోందిగానీ కళ్ళు తెరవడంలేదు. పెదాలకి మట్టి అంటుకుని ఉంది. అక్కకేం చెప్పమంటావు బావా అని బావురుమన్నాను. తర్వాత డప్పు అందుకున్నాను. మూడు దెబ్బలు కొట్టాను. లేవలేదు. మళ్ళీ మూడు. మళ్ళీ మూడు. ఎన్నిసార్లు కొట్టానో తెలియదు, అరచేతులు బొబ్బలెక్కాయి.

చివరికి కళ్ళు తెరిచాడు. ఈసారి కోపం లేదు. నిదానంగా లేచి నిలబడ్డాడు. తర్వాత వంగి, కింద కూర్చున్నవాళ్ళకి చెయ్యిచ్చి లేపినట్టు, కుడిచెయ్యి మెల్లగా పైకి లాగాడు.

బండి దగ్గరికి వచ్చేదాకా ఆ చెయ్యి అతని నడుం కింద ఒకే ఎత్తులో ఉంది. మామూలుగా నా వెనక దగ్గరగా కూర్చునే మనిషి, ఆరోజు సీటు చివరికి జరిగి కూర్చున్నాడు.

"నెమ్మదిగా పోనీరా" అన్నాడు.

చలికాలం, పొద్దు వాలుతోంది. ఎదురుగాలికి నా ఛాతీ గడ్డకట్టుకుపోయింది. వీపు మాత్రం విజయనగరం దాకా వెచ్చగానే ఉంది. దారిలో నేను ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

ఇది జరిగి ఏడాది దాటింది. బావ మళ్ళీ పనిలోకి వెళ్తున్నాడు, వేళకి తింటున్నాడు. దిబ్బ వైపు మాత్రం వెళ్ళడు. అడిగితే, "ఇంక అక్కడ నాకు పనేటుందిరా" అంటాడు. నా వల్లే మనిషి బతికి బయటపడ్డాడని అక్క అందరికీ చెబుతుంది. నాకైతే ఏదీ తేలలేదు. ఎండదెబ్బ అనుకున్నాను, దుఃఖం అనుకున్నాను, బావ మాట విని నేనూ రమణా భ్రమపడ్డామనుకున్నాను. రమణ ఆ మాట వినలేదు కదా అని మళ్ళీ మొదటికొస్తాను. నా చేతిలో గుచ్చుకున్న ఆ గోరుకి ఇవేవీ సరిపోవు.

పోయినవారం వాళ్ళింటికెళ్ళి బయల్దేరుతుంటే బావ గుమ్మం దాకా వచ్చాడు. తలుపు వెయ్యబోతూ ఆగాడు. తలుపు సందులో పైనుంచి కింద దాకా చేత్తో తడిమి చూశాడు.

"సెయ్యి తియ్యమ్మా" అన్నాడు, కిందికి చూస్తూ.

కాసేపు ఆగాడు. అప్పుడు వేశాడు. ఆ కాసేపట్లో లోపల ఏం జరిగిందో, బావ ఏం చూసుకుని తలుపు వేశాడో, నాకు ఇప్పటికీ తెలియదు.