హుస్సేన్‌బీ గోరీ మీది తడి

దయ్యాలూ ఆత్మలూ ఉన్నాయన్న మాటను నేను ఏనాడూ ఒప్పుకోలేదు. సర్వే శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. భూమి మీద ఏ బిందువు ఎక్కడుందో రెండు వైపుల నుంచి కొలిచి, ఆ రెండూ కలిస్తేనే నమ్మడం నా వృత్తి నేర్పిన అలవాటు. ఒక్క కొలత చాలదు. మనిషి మాట అసలే చాలదు. ఇంట్లో ఎవరైనా కలల గురించో శకునాల గురించో మొదలుపెడితే, ఏ తేదీన, ఎవరు చూస్తుండగా అని అడిగేవాణ్ణి. క్రమంగా నాకు చెప్పడం మానేశారు.

ఇక్కడ రాస్తున్నది నేను స్వయంగా చూసింది. తేదీ, కొలతలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఆ కుటుంబం కోరినందువల్ల తేదీనీ ఊరి పేరునూ ఇవ్వడం లేదు. మనుషుల పేర్లు మార్చాను. తక్కినదంతా జరిగింది జరిగినట్టే.

మా ఊరు జగ్గయ్యపేటకు దక్షిణంగా కృష్ణ ఒడ్డున ఉండేది. ఇప్పుడు లేదు. జలాశయం నిండినప్పుడు ముంపులో పోయింది. ఊళ్ళో సగం మావి, వ్యవసాయ కుటుంబాలు. మిరప, పత్తి వేసేవాళ్ళం. ఏటి వైపు సాయిబుల ఇళ్ళు. వాళ్ళ తాతలు మా మిరపకాయలను బండ్ల మీద నందిగామకు తోలేవాళ్ళు, మనవలు లారీల మీద గుంటూరుకు తోలేవాళ్ళు. వాళ్ళ శ్మశానానికి, ఖబరస్తాన్‌కు, స్థలం ఇచ్చింది మా వంశంవాళ్ళేనని పెద్దలు చెప్పుకునేవారు. పత్రం ఎక్కడా దొరకలేదు కాబట్టి దాన్ని చరిత్రగా రాయను.

ఒక ఆచారం మాత్రం నేను చూసి ఎరుగుదును. సాయిబుల ఇంట ఎవరు పోయినా మావాళ్ళు కూడా ఖబరస్తాన్‌కు వెళ్ళి గోరీలో మూడు పిడికిళ్ళ మట్టి వేసి వచ్చేవాళ్ళు. ఆడవాళ్ళు, ఏ మతం వారైనా, గోడ దాటి లోపలికి వెళ్ళేవారు కాదు. బయటే నిలబడి చూసేవారు.

ఊరు ఖాళీ చేసిన నెలల్లో జనం ద్వారబంధాలు ఊడదీసుకున్నారు, దూలాలు మోసుకెళ్ళారు. రామాలయంలో విగ్రహాలు ఒక ట్రాక్టరులో, చావిడిలో పీర్లు ఇంకో ట్రాక్టరులో వెళ్ళాయి. గోరీలను ఎవరూ మోయలేరు. మావాళ్ళకు ఆ బాధ లేదు. మా పెద్దల బూడిదను ఆ కృష్ణలోనే కలిపాం; వాళ్ళు ముందే నీళ్ళలో ఉన్నారు. సాయిబుల పెద్దల దగ్గరకు నీళ్ళే నడిచివచ్చాయి.

ఖాసిం నా ఈడువాడు. బడిలో పక్కపక్కన కూర్చున్నాం. వరసకు బావా అని పిలుచుకునేవాళ్ళం. అతని భార్య హుస్సేన్‌బీ నాకు చెల్లెలి వరస. ఆమె తొలికాన్పులో బిడ్డను కని చనిపోయింది. ఆ గోరీలో నేనూ మూడు పిడికిళ్ళ మట్టి వేశాను. ఖాసిం మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. గోరీ మీద సబ్జా మొక్క నాటాడు. లారీ ఎక్కడ తిరిగినా వీలైతే శుక్రవారానికి ఊరు చేరేవాడు. నమాజు అయ్యాక ఒక చెంబు నీళ్ళు పట్టుకెళ్ళి తలవైపు నుంచి కాళ్ళ వైపుకు పోసి వచ్చేవాడు. ఊరు ఖాళీ చేసేదాకా అది సాగింది.

ఆ బిడ్డ నూర్జహాన్ జగ్గయ్యపేట శివారు కాలనీలో తండ్రితో ఉంటూ జాకెట్లు కుడుతుంది. తల్లి ఫొటో ఒక్కటీ లేదు. ఆడపిల్ల కాబట్టి ఖబరస్తాన్‌లోకి వెళ్ళలేదు. గోడ మీంచి తండ్రి వేలు పెట్టి చూపించిన చోటే ఆమె ఎరిగిన తల్లి.

ఖాసిం కిడ్నీలు పాడై మంచం పట్టాక నేను నందిగామ నుంచి తరచు వెళ్ళి చూసివచ్చేవాణ్ణి. డాక్టరు రోజుకు ఇంత అని నీళ్ళు కొలిచి ఇమ్మన్నారు. జీవితమంతా ఎండలో లారీ నడిపి బిందెలకొద్దీ తాగిన మనిషి గుక్కలు లెక్కపెట్టుకునే స్థితికి వచ్చాడు. నాలుక తడుపుకోవడానికి తడిగుడ్డ చప్పరించేవాడు.

ఆ వేసవిలో జలాశయం బాగా అడుగంటింది. మా ఊరి మొండిగోడలు బయటపడ్డాయని ఎవరో ఖాసింకు చెప్పారు. నేను వెళ్ళేసరికి దిండుకు ఆనుకుని నా కోసమే చూస్తున్నాడు.

"బావా, ఒక పని చేసిపెట్టాలి. నీ చెల్లెలి గోరీ కాడ మట్టి కాస్త తే. రేపు నన్ను పెట్టేటప్పుడు నా గోరీలో వెయ్యాలి. ఆమె పక్కన పడుకునే రాత ఎట్టాగూ లేదు."

తెస్తానన్నాను.

"ఊరికే తెస్తానంటే కాదు. టేపు పెట్టి కొలిచి తేవాలి. పొరపాటున పక్కన మస్తానయ్య గోరీ మట్టి తెచ్చావనుకో, పైకి పోయినాక కూడా బీడీ అప్పడుగుతాడు నన్ను. నీ చెల్లెలేమో గడప తొక్కనివ్వదు."

మేము ఎంతగా నవ్వామంటే అతనికి దగ్గు వచ్చింది. తాగడానికి నీళ్ళు అడిగి, మళ్ళీ తనే వద్దన్నాడు.

నాకు గుర్తులున్నాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో చెయ్యి తిరగడం కోసం మా ఊరిని కొలిచి సొంతంగా ఒక పటం గీసుకున్నాను. ఖబరస్తాన్ నాలుగు మూలలు, లోపలి వేపచెట్టు అందులో ఉన్నాయి. ఆ వేపకు తూర్పున, ఉత్తరపు గోడ నుంచి నాలుగో వరసలో హుస్సేన్‌బీ గోరీ. ఇంత వివరం ఉన్న బిందువును పట్టుకోలేకపోతే నేను చేసిన ఉద్యోగానికి అర్థం లేదనుకున్నాను.

ఒక శుక్రవారం నేనూ నూర్జహానూ బయలుదేరాం. తండ్రిని కనిపెట్టుకుని ఉండమని పక్కింటి ఫాతిమాబీకి చెప్పి వచ్చింది. ఆటో గట్టు మీదే ఆగిపోయింది. అక్కడి నుంచి ఎండలో నడిచాం. రోహిణి ఎండ. నేల అంతా బూడిదరంగు ఒండ్రు, పలకలు పలకలుగా బీటలు వారి ఉంది. చెట్టు లేదు, పిట్ట లేదు. నీరు దూరంగా సన్నని గీతలా కనిపిస్తోంది. మా ఇంటి అరుగు రాళ్ళను గుర్తుపట్టాను. ఆగలేదు.

ఊరి సర్వేరాళ్ళు రెండు దొరికాయి. వాటి నుంచి కొలుచుకుంటూ ఖబరస్తాన్ హద్దును నేల మీద సున్నంతో గీశాను. గోడ ఇటుకలు కూడా లేవు. నూర్జహాన్ ఆ గీత దగ్గరకు వచ్చి ఆగిపోయింది.

"గోడ ఇక్కడేనా మావయ్యా?"

"ఇక్కడే. ఇప్పుడేముందమ్మా, లోపలికి రా."

"వద్దులే మావయ్యా. నేనిక్కడే ఉంటా. నువ్వు చూడు."

లేని గోడ బయట చెంగు తలమీద కప్పుకుని నిలబడింది. నేను లోపలికి వెళ్ళి వేపచెట్టు స్థానం పట్టుకున్నాను. తవ్వితే మొదలు తాలూకు పుచ్చిన వేరు దొరికింది. అంటే నా పటం సరిగ్గా ఉంది. అక్కడి నుంచి కొలిచి ఒక పుల్ల పాతాను. ఖబరస్తాన్ మూల నుంచి మళ్ళీ కొలిచాను. రెండు కొలతలూ ఆ పుల్ల దగ్గరే కలిశాయి. పలుగుతో పైపొర తీయడం మొదలుపెట్టాను.

అప్పుడు నూర్జహాన్ పిలిచింది.

"మావయ్యా, సబ్జా వాసన వస్తుంది."

నాకు రాలేదు. కనుచూపు మేర పచ్చని ఆకు లేదు. ఎండ దెబ్బ అనుకుని, సీసాలో నీళ్ళు తాగమన్నాను. ఆమె వినిపించుకోలేదు. సున్నపు గీత మీద ఒక్క క్షణం తటపటాయించి, చెప్పులు విడిచి, గీత దాటింది. కాలిపోతున్న నేల మీద వట్టికాళ్ళతో నడుచుకుంటూ నన్నూ నా పుల్లనూ దాటి, ఇంకా కొంత తూర్పుకు వెళ్ళి కూలబడింది.

నేను వెళ్ళి చూశాను. అక్కడ నేల తడిగా ఉంది.

ఈ మాటను జాగ్రత్తగా రాస్తున్నాను. చుట్టూ నేలంతా బీటలే. ఆ ఒక్క చోట, మనిషి పొడవున, నల్లగా తడి. ఒక కొస నుంచి ఇంకో కొసకు సన్నబడుతూ వెళ్ళింది. మొదటి కొసలో ఎడమ పక్కన మాత్రం చెదిరి వెడల్పుగా ఉంది. ఊట నీరేమో అని వేలితో తవ్వాను. తడి వేలి కణుపు లోతు వరకే ఉంది, దాని కింద పొడి దుమ్ము. అంటే నీరు పైనుంచి పడింది. చుట్టూ మా ఇద్దరి అడుగులు తప్ప మనిషి అడుగు గానీ పశువు గిట్ట గానీ లేదు. మా నీళ్ళ సీసా మూత తీయకుండా నా సంచిలోనే ఉంది. టేపు తీసి ఆ తడిని కొలిచాను.

అప్పుడు నాకూ వాసన వచ్చింది. సబ్జా ఆకు నలిపితే వచ్చే వాసన.

నూర్జహాన్ రెండు అరచేతులూ ఆ తడి మీద పెట్టింది.

"చల్లగా ఉంది మావయ్యా," అంది. నేను అటు తిరిగి నిలబడ్డాను. ఆమె పుట్టాక తల్లిని తాకడం అదే మొదటిసారి అనే మాట నా నోటికి వచ్చి ఆగింది. అలాంటి మాటలు నేను అనను.

మా కళ్ళ ముందే తడి ఆరిపోసాగింది. పూర్తిగా ఆరకముందే ఆమె టిఫిన్ డబ్బాలోకి మట్టి ఎత్తుకుంది. నా పుల్ల దగ్గర మట్టి తీసుకోమని నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ తెలియదు. నా లెక్క ప్రకారం గోరీ అక్కడే.

ఆ చోట ఫోనుకు సిగ్నల్ లేదు. తిరిగి వచ్చే దారిలో మేము ఎవరితోనూ మాట్లాడలేదు. పొద్దుగుంకకముందే కాలనీ చేరాం. గుమ్మంలో ఫాతిమాబీ రుసరుసలాడుతూ ఎదురొచ్చింది.

"చూడండన్నయ్యగారూ, ఈయన నిర్వాకం! పొద్దున్నే ఈ రోజు నీళ్ళు కొలిచి చెంబులో పోసి పక్కన పెట్టా, గుక్కెడు గుక్కెడు ఇద్దామని. జుమ్మా నమాజు బాంగు అయినాక ఈయనకు కన్నంటుకుంది కదా అని పొయ్యికాడికెళ్ళొచ్చా. వచ్చేసరికి చెంబులో చుక్క లేదు!"

"తాగేశాడేమోనమ్మా."

"లేచి కూర్చోలేని మనిషి ఎట్టా తాగుతాడండీ? తాగితే ఆ పెదాలేంటి అట్టా ఉన్నయి? ఒలికిందా అంటే నేల, దుప్పటి అన్నీ పొడిగా ఉన్నయి."

ఖాసిం పెదాలు చూశాను. మేము నడిచివచ్చిన నేలలాగే బీటలు వారి ఉన్నాయి. చెంబు ఖాళీగా ఉంది. లోపల వేలు పెట్టి చూశాను, తడి లేదు.

మా అలికిడికి అతను కళ్ళు తెరిచాడు. డబ్బా ఇంకా నూర్జహాన్ సంచిలోనే ఉంది. మేమేమీ చెప్పలేదు.

"దొరికిందా బావా?"

"దొరికింది."

"నీ టేపు నిన్ను పక్కచోటికి లాక్కుపోతుందని నాకు తెలుసు." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "అందుకే నీళ్ళు పోశాలే. తలకాడ ఎడం పక్కన ఎక్కువ పడ్డయ్. చెయ్యి వణికింది."

నేను మంచం పట్టె మీద కూర్చుండిపోయాను. నూర్జహాన్ గ్లాసులో నీళ్ళు తెచ్చి, "డాక్టరు ఏమన్నా అననీ, ఇవాళ కాస్త తాగు నాన్నా," అని బతిమాలింది.

"నా వాటా అయిపోయిందిగా తల్లీ," అని నవ్వాడు. ఎంత చెప్పినా తాగలేదు.

ఇంకో శుక్రవారం అతనికి రాలేదు.

జగ్గయ్యపేట ఖబరస్తాన్‌లో పెట్టారు. ముంపు ఊరివాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు, మావాళ్ళూ సాయిబులూ. నూర్జహాన్ గేటు బయట నిలబడి టిఫిన్ డబ్బా నా చేతికిచ్చింది. నేను అందులోంచి మూడు పిడికిళ్ళు వేశాను. డబ్బాలో ఇంకా కొంత మట్టి మిగిలింది. దాన్ని తిరిగి ఆమెకే ఇచ్చాను.

తర్వాత నాకు తోచిన కారణాలన్నీ రాసుకుని ఒక్కొక్కటీ కొట్టేసుకున్నాను. ఎవరో వచ్చి నీళ్ళు పోశారందామా, అడుగులు లేవు. ఫాతిమాబీయే పారబోసి మరిచిపోయిందందామా, ఎడమ పక్కన చెదిరిన సంగతి నేనూ నూర్జహానూ తప్ప ఎవరూ చూడలేదు. కాకతాళీయం అనే మాట ఒకటి మిగిలింది. అది కారణం కాదని నాకు తెలుసు.

వానలు పడి జలాశయం మళ్ళీ నిండింది. ఒకరోజు నా పాత పటం తీసి బల్ల మీద పరిచాను. నా రెండు కొలతలు కలిసిన చోటును అందులో గుర్తు పెట్టి ఉంచాను. అది తప్పని నేటికీ నిరూపించలేను. దానికి తూర్పున, ఏ కొలతా లేని చోట, పెన్సిలుతో ఒక చుక్క పెట్టి, పక్కన హుస్సేన్‌బీ అని రాశాను.

ఇన్నేళ్ళలో కొలవకుండా నేను పటం మీద పెట్టిన చుక్క అదొక్కటే. చెరపడానికి చెయ్యి రావడం లేదు.