కొబ్బరికాయ కొట్టిన కంప్యూటర్

పాత కంప్యూటర్లు ఎందుకు పోగేశావని నన్ను చాలామంది అడిగారు. ప్రేమతోనా, పిచ్చితోనా అని. ప్రేమా కాదు, పిచ్చీ కాదు. కక్షతో. ఒక మనిషి మీద కక్షతో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఎవరు ఏ కంప్యూటర్ పారేసినా ఇంటికి మోసుకొచ్చి బతికించాను. ఆ మనిషి నా చేతిని చెడగొట్టాడు. విరగ్గొట్టలేదు, అంతకన్నా పెద్ద పనే చేశాడు.

ఎనభైల చివర్లో సూర్యాపేటలో హైవే పక్కన ఒక కంప్యూటర్ సెంటర్ ఉండేది. మూడే కంప్యూటర్లు. వాటికి ఏసీ గది, మఖ్మల్ గుడ్డ ముసుగులు, గుమ్మం దగ్గర చెప్పులు బయటే విడవమని బోర్డు. నేను హైదరాబాదులో కోర్సు చేసి వచ్చి అక్కడ పాఠాలు చెప్పేదాన్ని. సెంటర్ పెట్టినాయన అంతకుముందు లారీలు తిప్పేవాడు. అందరం ఆయన్ని సార్ అనేవాళ్లం. కంప్యూటర్ స్విచ్ ఎక్కడుందో కూడా ఆయనకు తెలియదు. కానీ దసరా పూజ మాత్రం తనే చేయాలి, ఇంకెవరినీ చేయనివ్వడు.

ఆయుధపూజ రోజు విద్యార్థులంతా వచ్చారు. మూడింటికీ పసుపు, కుంకుమ, బంతిపూల దండలు. పసుపు కలిపింది నేనే. అన్నిటికన్నా కొత్తదాన్ని ఆన్ చేయమన్నాడు సార్. "బండి నడుస్తుంటెనే పూజ చెయ్యాలె" అన్నాడు. చేశాను. కొబ్బరికాయ చేతిలోకి తీసుకుని రాయి కోసం అటూ ఇటూ చూశాడు. రాయి లేదు. ఆయన చూపు కంప్యూటర్ ఇనుప పెట్టె మూల మీద పడింది. 

"సార్, గీడ వద్దు. నీళ్లు లోపటికి పోతయ్" అన్నాను.

"ఊకో అమ్మా. ఎన్ని లారీల బంపర్లకు కొట్టలే నేను? అదీ ఇనుమే, ఇదీ ఇనుమే."

ఒక్క దెబ్బకే కాయ పగిలింది. పెట్టె మూల సొట్టపోయింది. నీళ్లు సరాసరి ఫ్లాపీ పెట్టే సందులోకి దిగాయి. టప్‌మని చప్పుడు, సన్నటి పొగ, కాలిన వాసన. తెర మీద ఆకుపచ్చ అక్షరాలు ఆరిపోయాయి.  చేతుల్లో రెండు కొబ్బరి చిప్పలతో సార్ నావైపు తిరిగాడు.

"తడి చేత్తోటి స్విచ్ ఎందుకేసినవ్?" అన్నాడు.

బట్ట కాల్చి మీద వేయడమంటే అదే. నా చేతులకు పసుపు తడి ఉన్నమాట నిజమే, కాదనలేను. జరిగింది అందరూ చూశారు. ఒక్కరూ నోరు విప్పలేదు. వాళ్ల సర్టిఫికెట్లన్నీ ఆయన చేతిలో ఉన్నాయి మరి. మర్నాటి నుంచి నన్ను రావొద్దన్నాడు. ఉద్యోగం పోతే పోయింది అనుకున్నాను. ఆయన అంతటితో ఆగలేదు. కనిపించిన ప్రతివాడికీ ఒకటే మాట చెప్పాడు.

"ఆమె చెయ్యి మంచిది కాదు."

మా దగ్గర అది చిన్న మాట కాదు. విత్తనం వేయాలన్నా, పాలు తోడు పెట్టాలన్నా, ఊరగాయ తొక్కు కలపాలన్నా ముందు చెయ్యి మంచిదేనా అని చూస్తారు. ఒకసారి కాదన్నారంటే ఇక అంతే సంగతులు. మిర్యాలగూడలో కొత్తగా సెంటర్ పెడుతున్నారంటే వెళ్లాను. అక్కడి మేనేజర్ నా కాగితాలు చూడలేదు, నా చేతులు చూశాడు. "మిషన్ కాల్చిన మేడమ్ మీరేనా?" అన్నాడు. కోదాడలో కూర్చోమని కూడా అనలేదు. చివరికి ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పని దొరికింది. టైపు మిషన్ కాలదు కదా, అందుకని ఇచ్చి ఉంటారు.

ఎండాకాలం వచ్చింది. నా చేత్తో కలిపితేనే మామిడికాయ తొక్కు ఏడాదంతా నిలుస్తుందని మా అమ్మ నమ్మకం. నాకు పన్నెండేళ్లు వచ్చినప్పటి నుంచి ఆ పని నాదే. ఆ ఏడు ముక్కలు కోసి, కారం, ఉప్పు, ఆవపిండి పోసి, బేసిన్ ముందు అమ్మే కూర్చుంది. నేను చేతులు కడుక్కుని వచ్చాను.

"ఈయేడు నువ్వు కలపకు బిడ్డా" అంది తల ఎత్తకుండా. "జర మంచి చెడు సూస్కోవాలె గదా."

కడిగిన చేతులు అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది. వాడి నోరు పడిపోను! ఎక్కడి హైవే, ఎక్కడి మా వంటిల్లు! వాడి మాట మా తొక్కు బేసిన్ దాకా వచ్చింది. ఆ రోజే అనుకున్నాను, ఈ చేత్తోనే చచ్చిన కంప్యూటర్లను లేపుతాను, నా చెయ్యి మంచిదని వాడి నోటితోనే అనిపిస్తాను అని.

మొదటిది మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో దొరికింది. పాడైపోయిందని దాన్ని గుమాస్తా కాళ్లు పెట్టుకునే పీట చేసుకున్నాడు. మూత తీస్తే లోపల ఊక, ఎలుకలు పెట్టుకున్న గూడు. రెండోది హాలియాలో ఎరువుల దుకాణం వాళ్లు మూల పడేసింది. బస్సులో దాని తెరను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పక్కనున్న ముసలామె పలకరించింది.

"టీవీయా బిడ్డా? రంగులదేనా?"

"కాదవ్వా. పచ్చగ కనవడ్తది, అంతే."

"పచ్చ ఒక్కటేనా? మోసపోయినవ్ పో" అని సూర్యాపేట వచ్చేదాకా నా మీద జాలిపడింది.

రేడియోలు బాగుచేసే ఒకాయన దగ్గర సోల్డరింగ్ నేర్చుకున్నాను. మెడికల్ షాపు నుంచి స్పిరిట్ తెచ్చి, పాత పళ్ల బ్రష్‌తో బోర్డులు రుద్దేదాన్ని. దాని ముక్క దీనికి, దీని ముక్క దానికి. పొద్దంతా టైపు ఇన్‌స్టిట్యూట్, ఆదివారాలు ఇదే పని. రైస్ మిల్లు కంప్యూటర్ లేచిన రోజు అమ్మను పిలిచి చూపించాను. "మంచిగనే ఉంది" అని వంటింట్లోకి పోయింది. తొక్కు మాట ఎత్తలేదు. నాలుగేళ్లలో ఆరు లేచాయి. నాలుగు ఎండాకాలాలూ తొక్కు అమ్మే కలిపింది.

ఏడోది కోదాడలో దొరికింది. పాత ఇనుప సామాను దుకాణంలో, సైకిల్ రిమ్ముల కింద ఒక పెట్టె మూల కనిపించింది. ఆ మూలకు సొట్ట ఉంది. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. సార్ దాన్ని రిపేరుకు హైదరాబాద్ పంపానని ఊరంతా చెప్పుకున్నాడు. ఎవరి కంటా పడకుండా ఇక్కడ తోసేశాడన్నమాట.

"ఏంటమ్మా అంతలా చూస్తున్నారు? అది పనిచేయదండీ, ఇనుము కింద కొన్నాం" అన్నాడు దుకాణం ఆయన.

అక్కడే మూత తీయించాను. బోర్డు మీద నీళ్లు ఎండిన మరక, గడ్డకట్టిన కుంకుమ, ఫ్లాపీ సందులో చిక్కుకున్న కొబ్బరి పీచు. "దొరికినవ్ రా!" అని గట్టిగానే అన్నాను. దుకాణం ఆయన నన్ను అనుమానంగా చూశాడు. చూస్తే చూడనీ.

దాన్ని లేపడానికి చాలా నెలలు పట్టింది. కాలిన కరెంటు డబ్బా తీసేసి మరోదానిది బిగించాను. బోర్డును కడిగి కడిగి ఆరబెట్టాను. కుంకుమ మాత్రం ఒక మూల కొంచెం వదిలేశాను. పీచు తీసి దారంతో పెట్టె లోపలే కట్టాను. సొట్ట సరిచేస్తానని రేడియో ఆయన సుత్తి తీస్తే, దాన్ని ముట్టుకోవద్దని అరిచాను. ఆ సొట్ట నాకు కావాలి.

ఇక వాడి కోసం కాచుకుని కూర్చున్నాను. నేను వెళ్లాల్సిన పని పడలేదు, తనే వచ్చాడు. సెంటర్‌లో పాతవి అమ్మేసి కొత్త కంప్యూటర్లు తెచ్చాడు, వాటిలో చిన్న ఫ్లాపీలే పడతాయి. మొదట్లో చదివినవాళ్ల మార్కులన్నీ పాత పెద్ద ఫ్లాపీల్లో ఉండిపోయాయి. వాళ్లలో ముగ్గురికి ఉద్యోగాలు వచ్చేలా ఉన్నాయి, ఆ మార్కులు చూపించాలి. పెద్ద ఫ్లాపీ చదివే కంప్యూటర్లు ఊళ్లో ఇక మా ఇంట్లోనే ఉన్నాయి. ఒక మధ్యాహ్నం ఆ ముగ్గురినీ వెంటేసుకుని, ఫ్లాపీల డబ్బా చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"చెప్పులు బయట ఇడవండ్రి సార్" అన్నాను.

విడిచాడు. తీసుకెళ్లి సొట్ట కంప్యూటర్ ముందు కుర్చీ వేశాను. కూర్చున్నాడు. సొట్ట చూశాడు. గుర్తుపట్టాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు. స్విచ్ వేశాను. పచ్చ అక్షరాలు వచ్చాయి. ఫ్లాపీల డబ్బా ఆయన చేతిలోంచి తీసుకుని నా ఒళ్లో పెట్టుకున్నాను.

"గీ సొట్ట ఎట్ల పడ్డది సార్? చెప్తె చదివిస్త."

"పాత ముచ్చట్లు ఇప్పుడెందుకమ్మా."

"అయితే తీస్కపోండ్రి."

ముగ్గురూ ఆయన వైపు చూశారు. ఆ దసరా రోజు ఆ ముగ్గురూ అక్కడే ఉన్నారు. "మీరు గూడ సూసిండ్రు గదా?" అన్నాను. తలలు దించుకున్నారు. సార్ ఏదో గొణిగాడు.

"ఫ్యాన్ చప్పుడుల ఇనవడలే" అన్నాను.

"కొబ్బరికాయ నేనే కొట్టిన" అన్నాడు. "ఆమె వద్దన్నది. నేనే ఇనలే. ఆమె చేసిందేం లేదు."

"నా చెయ్యి?"

"మంచిదేనమ్మా. నీ చెయ్యి మంచిదే."

అబ్బ, ఎంత హాయిగా ఉండిందో! అబద్ధం ఎందుకు, ఇప్పుడు తలుచుకున్నా హాయిగానే ఉంటుంది. ఫ్లాపీలు ఒక్కొక్కటీ పెట్టాను. సొట్ట కంప్యూటర్ ముగ్గురి మార్కులూ చదివి చూపించింది. ప్రింటు తీసి వాళ్ల చేతుల్లో పెట్టాను. సార్ వంగి చెప్పులు తొడుక్కుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. నేను వెనక్కి తిరిగితే వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. అంతా విన్నది.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. ముక్కలు కోసి, కారం, ఉప్పు, ఆవపిండి పోసి, అమ్మ బేసిన్ తెచ్చి నా ముందు పెట్టింది. మొహం వెలిగిపోతోంది.

"ఈసారి నువ్వే కలుపు బిడ్డా."

చేతులు కడుక్కుందామని లేచాను. లేచి అక్కడే నిలబడిపోయాను.

"అమ్మా, ఇన్ని మిషన్లు లేపిన. అన్నీ నీ కండ్ల ముందటనే లేపిన. నీకు అప్పుడు ఎరుక కాలేదా నా చెయ్యి మంచిదని?"

అమ్మ కొంగుతో బేసిన్ అంచు తుడిచింది.

"వాడు కాదంటె కాదన్నవ్. వాడు అవునంటెనే అవునంటున్నవ్."

ఆ ఏడు కూడా తొక్కు అమ్మే కలిపింది. బాగానే కుదిరిందని అందరూ అన్నారు. నేను నోట్లో పెట్టుకోలేదు.