చిన్నమ్మ పక్కన ఎవరూ కూర్చోలేదు

మొన్న సోమవారం పొద్దున వనపర్తిలో కాలేజీకి బయలుదేరుతుంటే గద్వాల నుంచి ఫోన్ వచ్చింది. మా చిన్నమ్మ పోయిందట. గుండెనొప్పి, దవాఖానకు తీసుకుపోయే లోపే. నాకు దుఃఖం కంటే ముందు రోత పుట్టింది. ఎవరి మీదో చెబుతాను. అందులో నేనూ ఉన్నాను.

చిన్నమ్మ గద్వాల చీరలు నేసేది. చీరంతా నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసే కుట్టు దగ్గర ఒక్కరితో పని కాదు, మగ్గం ముందు పక్కపక్కన ఇద్దరు కూర్చోవాలి. ఆమె పక్కన చిన్నాయన కూర్చునేవాడు. పోగు తెగితే ఆయన విసుక్కునేవాడు గానీ, ఆమె మాత్రం "అలిగినవా? జర ఓపిక పట్టు" అని దానితోనే మాట్లాడుతూ ముడేసేది.

కరోనాలో చిన్నాయన పోయాడు. పది రోజులు ఆయనకు అన్నీ మంచంలోనే, ఎత్తిపోసింది ఆమే. జ్వరంతో పడ్డ ఎదురింటి ముసలామెకూ, ఆమె కోడలికీ గంజి కాచి తాగించిందీ ఆమే. మూడుసార్లు పరీక్ష చేస్తే మూడుసార్లూ ఆమెకు ఏమీ లేదన్నారు. వాడకట్టుకు అది చాలింది.

"దానికెందుకు రాలె? మొగని పానం దీసి తను బతికింది. బాణామతి, చేతబడి గాకుంటె ఏంది?"

ఈ మాట మొదట అన్నది ఆమె గంజి తాగి లేచిన ఆ కోడలే.

ఆ తర్వాత మగ్గం దగ్గర చిన్నమ్మ పక్కన కూర్చోవడానికి ఒక్కరూ రాలేదు. కూలి ఎక్కువిస్తానన్నా రాలేదు. పట్టు అంచులు నేసిన చేతులతో ఒంటరిగా తువ్వాలలు నేసుకుంది.

నేను పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. ఒకరోజు నన్నే అడిగింది.

"నాకెందుకు రాలె బిడ్డా? నువ్వు గిదే గద చదువు చెప్పేది."

"వైరస్ మన ఒంట్లకు రావాలంటే కణం మీద ఒక తలుపు దొరకాలె చిన్నమ్మా. గా తలుపు అందరికి ఒక్క తీరుగ ఉండదు. అమ్మనాయినల నుంచి వచ్చిన జన్యువులను బట్టి జర జర మారుతది. కొందరి ఒంట్ల కాపలా గూడ గట్టిగుంటది. నిన్ను ఏది కాపాడిందో పరీక్షలు చెయ్యకుంట నాకు తెల్వదు. బాణామతి మాత్రం కాదు."

"అంటె పుట్టుకతోని వచ్చిన పోగు అన్నట్టు," అంది. "మరి గీ ముచ్చట వాడకట్టుల నలుగురి ముందట చెప్పరాదు? నేను చెప్తె ఇనరు. నువ్వు సారువు," అంది.

"చెప్త," అన్నాను.

చెప్పలేదు. ఏటా బోర్డు మీద కణం బొమ్మ గీసి, మార్కుల కోసం అదే పాఠం చెప్పాను. గద్వాల పోయినప్పుడల్లా ఆ కోడలు "మంచిగున్నవా సారూ" అని పలకరిస్తే నవ్వి ముందుకు నడిచాను. నలుగురితో చెడటమెందుకని పిరికితనం. చిన్నమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. "అన్నం తిని పో బిడ్డా" అనేది, అంతే. సిగ్గులేకుండా తిని వచ్చేవాణ్ణి.

సోమవారం ఇంటి నిండా జనం. "దేవత అసొంటి మనిషి," అంటూ ముక్కులు చీదుతున్నారు, అవే నోళ్లు. ఎదురింటి కోడలు కొత్త చీర ఒకటి తెచ్చి మడత విప్పింది. ఎర్ర పట్టు అంచు, కుట్టు దగ్గర ఎక్కడా వదులు లేదు. మొగడూ తనూ పక్కపక్కన కూర్చుని నేశారట.

"సారూ, జర గా కొస పట్టు," అంది.

పట్టుకున్నాను. ఇద్దరం కలిసి చిన్నమ్మ మీద కప్పాం.