గొంతు లేని క్యాసెట్

అన్న గిటార్ క్యాసెట్ మీద నేను నా పాట రికార్డు చేసినప్పుడు నాకు ఏడేళ్లు. నిన్న నా కొడుకు ఫోన్‌లో అలాంటి గిటారే మోగితే గుర్తొచ్చింది.

మాది గోదావరిఖనిలో బొగ్గుగని క్వార్టర్. ఆ విదేశీ క్యాసెట్ నిండా ఉరుముల్లాంటి మోత, మధ్యలో మెరుపు వేగంతో పరుగెత్తే స్వరాలు. పాడేవాళ్లెవరూ లేరు. రోజూ అది వింటూనే అన్న గిటార్ నేర్చుకునేవాడు. పాడేవాడి గొంతు టేపులో పడలేదనుకుని, మళ్లీ రికార్డయ్యేలా క్యాసెట్ అంచు గుంటలో కాగితం కుక్కి, బడి పాటలన్నీ పాడేశాను. కిందున్న గిటారంతా చెరిగిపోయింది.

"గిదేందే చెల్లె?"

"గొంతు పడలే అన్నా. అందుకే నేను పాడిన."

"మంచిగనే పాడినవ్ తియ్," అన్నాడు, నా వైపు చూడకుండా.

ఆ నెలలోనే, ఊపిరితిత్తులు చెడిన బాపు బదులు అన్న గనిలో దిగాడు. గిటార్ మళ్లీ ముట్టలేదు. గని వల్లనా, నా వల్లనా అని అడిగితే ఇప్పటికీ చెప్పడు.