పొలిమేర దాటిన రాగిపిండి

పొన్ని పుట్టిన దగ్గర్నుంచి మేనకకు ప్రతిదీ అనుమానమే. పిల్ల తుమ్మితే అనుమానం, తుమ్మకపోతే ఇంకా అనుమానం. తమిళనాడులోని ధర్మపురి కాలేజీలో రసాయనశాస్త్రం చదివిన మనిషి కాబట్టి ఆ అనుమానాలకు పేర్లు కూడా తెలుసు. అదే అసలు చిక్కు. అంగట్లో అమ్మే పిల్లల తిండి డబ్బా మీది సన్నటి అక్షరాలు చదివి చదివి, చివరికి డబ్బాను అటక మీద పడేసింది. ఇంటి రాగులనే నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకెత్తించి, నీడలో ఆరబెట్టి, దోరగా వేయించి, మిల్లులో ఆడించి, పల్చటి పంచెగుడ్డలో వస్త్రకాయితం పట్టి గంజి కాచింది. పొన్ని గిన్నె అడుగు దాకా నాకేసింది. నెల తిరిగేసరికి పిల్లకు బుగ్గలు వచ్చాయి.

పుట్టింటికి వచ్చి ఆ బుగ్గలు చూసిన కణ్ణగి ఊరుకోలేదు. ఆమె మేనకతో చదువుకున్నది, పెళ్ళయి బెంగుళూరులో ఉంటోంది. తన బిడ్డకూ ఆ పిండి తెప్పించుకుని తినిపించి, ఫోను చేసింది.

"ఇక్కడి అమ్మలంతా కలిసి ఇంటర్నెట్లో ఒక గుంపు పెట్టుకున్నారే. పొద్దస్తమానం పిల్లల తిండి గురించే రాసుకుంటారు. నువ్వొక బ్లాగు పెట్టు. నేను వాళ్ళకు చెబుతా."

ఇక మేనక కాలు ఇంట నిలవలేదు. అది రెండువేల ఎనిమిదో సంవత్సరం. ఇంట్లో కంప్యూటరు లేదు, బస్సెక్కి పోతే ధర్మపురి బస్టాండు పక్కన తంగవేల్ నడిపే బ్రౌజింగ్ సెంటరే దిక్కు. తంగవేల్ బ్లాగు ఎలా తెరవాలో చూపించి, అరవంలో ఒక మాట చెప్పాడు: "ఫోటో లేకపోతే ఎవరూ నిలబడి చూడరక్కా. బిడ్డ ముఖం పెట్టండి. ఆ బుగ్గలే విలంబరం." విలంబరం అంటే ప్రకటన.

ఆ మాట ఇంట్లో చెప్పగానే అత్త సాకమ్మ చేటను పక్కన పెట్టేసింది.

"ముఖం పెట్టేది లేదు. వీధిలో నలుగురు చూస్తేనే దిష్టి తగులుతాది. లోకమంతా చూస్తే తాళుతుందా పసిది?"

"వాళ్ళు చూసేది కంప్యూటర్లో అత్తా."

"యాడ చూస్తే ఏమి? కండ్లతోనే కదా చూసేది?"

మేనక మొగుడు మాదేష్ అప్పుడే పాలక్యాన్లు కడిగి బోర్లిస్తున్నాడు. "అమ్మ చెప్పేదీ కరెక్టే," అన్నాడు నవ్వు ఆపుకుంటూ.

కడకు రాజీ కుదిరింది. ముఖం కాకుండా చెయ్యి. గిన్నెలో ముంచిన పొన్ని బుల్లి చెయ్యి, మణికట్టుకు నల్లగాజు. ఆ ఫోటో కింద మేనక తనకు వచ్చిన ఇంగ్లీషులో పిండి ఎలా చేస్తుందో ఉన్నదున్నట్టు రాసింది, ఎన్ని నీళ్ళలో కడుగుతుందో కూడా వదలకుండా. కణ్ణగి ఆ సంగతి గుంపులో చెప్పి, మేనకనూ అందులో చేర్పించింది. మేనక మరుసటి రోజు వెళ్ళి మెయిలు పెట్టె తెరిస్తే వరసగా ఉత్తరాలు. జయనగర్ నుంచి ఒకామె, మల్లేశ్వరం నుంచి ఒకామె, ఎక్కడుందో తెలియని పేట నుంచి మరొకామె. అందరికీ పిండి కావాలి!

"ఇదో, మన ఊరి పేరు కూడా తెలియనోళ్ళు మన రాగులు అడుగుతా ఉండారు!" అని బస్టాండు రొదలోనే మాదేష్‌కు ఫోనులో అరిచింది. పక్కన సేలం బస్సు ఎక్కబోతున్న ముసలాయన ఉలిక్కిపడి చూశాడు.

వారమంతా ఇల్లు కార్ఖానా అయింది. మేనక అందరి చేతా సబ్బుతో చేతులు కడిగించింది, తలలకు గుడ్డలు కట్టించింది. సాకమ్మ కవర్లలోకి పిండి నింపేది. మేనక కవరు అంచును రంపపు బ్లేడు మీద మడిచి కొవ్వొత్తి మంటకు చూపించి అతికించేది. పొట్లాలన్నీ అట్టపెట్టెలో సర్ది, మాదేష్ బండి వెనక మేనక ఒళ్ళో పెట్టుకుని కొరియర్ ఆఫీసుకు తీసుకుపోతుంటే, కొత్తకోడలిని కాపురానికి పంపుతున్నంత హడావుడి.

నాలుగు రోజులకు గుంపులో శశికళ అనే ఆమె ఒక ఫోటో పెట్టింది. తెల్లటి పళ్ళెం, అందులో పిండి, పిండి మధ్యలో నల్లటి ముక్క. కింద ఒకే వాక్యం: "పసిపిల్లల తిండిలో బొగ్గు." దాని కింద ఇంకొకామె: "నా పొట్లంలోనూ ఉంది." ఆ కింద మరొకామె. అందరి పొట్లాల్లోనూ ఉంది!

తంగవేల్ సెంటర్‌లో అది చూసి మేనక కుర్చీలోంచి లేచిపోయింది. వ్యాపారం సంగతి తరవాత. ఆ ముక్క ఏ బిడ్డ గొంతులోనైనా అడ్డుపడితే? సెంటర్‌లోంచే ఒక్కొక్కరికీ ఫోను చేసి, పిండి జల్లించకుండా వాడొద్దని బతిమాలింది. ఏ బిడ్డకూ ఏమీ కాలేదని తెలిశాక గానీ మళ్ళీ కూర్చోలేదు. అప్పుడు బుర్ర పని చేసింది. ఒక పొట్లంలో ఉంటే పొరపాటున పడిందనుకోవచ్చు. ప్రతి పొట్లంలో ఒక్కొక్క ముక్క, అదీ లెక్కగా, ఎలా పడుతుంది?

ఇంటికి వచ్చి గుమ్మంలోనే అడిగింది.

"ఆ, నేనే వేసినాను," అన్నది సాకమ్మ, పొన్నిని ఆడిస్తూనే. "ఏంటికి అట్ల అదిరిపడతావు? బిడ్డలు తినేది పొలిమేర దాటి పోతా ఉండాదే, బొగ్గుముక్క లేకుండా ఎట్ల పంపేది? దోవలో గాలీ ధూళీ సోకదా? నీ సీమంతానికి మీ అమ్మ పాపిరెడ్డిపట్టి నుంచి చిత్రాన్నం తెచ్చినప్పుడు గంప మీద బొగ్గు లేదా?"

ఉంది. మేనకకు గుర్తొచ్చింది. తనే దాన్ని తీసి పారేసి వడ్డించుకుంది. వాళ్ళ ఇళ్ళలో అది ఎవరూ అడిగే సంగతే కాదు.

"అది గంప మీద అత్తా! ఇది పిండి లోపల!"

"మీద పెట్టేదానికి నువ్వు యాడ చోటిచ్చినావు? నేను నింపేది ఆలస్యం, కొవ్వొత్తితో అతికేస్తా ఉండావే!"

మేనకకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. మాదేష్ గొంతు తగ్గించి, "మిల్లులో పడిందని రాసేయి. ఎవరికి తెలుస్తాది?" అన్నాడు.

అలా రాయడం సులువే. కానీ మేనక తన్ను తాను అవతల కూర్చోబెట్టుకుని చూసుకుంది. మిల్లులో బొగ్గు పడుతుందని ఎవరైనా తనకు రాస్తే, ఆ పిండి పొన్నికి పెడుతుందా? చచ్చినా పెట్టదు. ఇంకేం పడుతుందో అని జన్మంతా అనుమానపడుతుంది.

మళ్ళీ బస్సెక్కింది. జరిగింది జరిగినట్టు రాసింది: మా అత్త వేసింది, మీ బిడ్డల మేలు కోరే వేసింది, కానీ పిండి లోపల వేయడం తప్పు, చూసుకోకపోవడం నా తప్పు, అందరికీ మళ్ళీ పంపుతాను. తంగవేల్ వెనక నిలబడి చదివి, "ఇది పంపితే మీ వ్యాపారం గోవిందా అక్కా," అన్నాడు. మేనక కళ్ళు మూసుకుని నొక్కేసింది.

జవాబులు చూసే ధైర్యం లేక మరుసటి రోజు మాదేష్‌ను వెంటబెట్టుకుని వెళ్ళింది. శశికళ ముక్తసరిగా రాసింది: "చెప్పినందుకు సంతోషం. నాకు మాత్రం ఇక వద్దు." ఆ కిందే హోసూరు వైపు నుంచి వెళ్ళి బెంగుళూరులో స్థిరపడిన ఉషా అనే ఆమె జవాబు: "మా అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. ఆమె తరవాత నా తిండికి దిష్టి తగులుతుందని బెంగపడినవాళ్ళు ఎవరూ లేరు. నాకు ఇంకో రెండు పంపండి. బొగ్గు మానొద్దు, బయట కట్టండి." ఆ కింద ఎవరో మాకూ కట్టండి అన్నారు. ఇంకెవరో, మీ అత్తగారు మాకూ దిష్టి తీస్తారా అని అడిగారు. గుంపంతా నవ్వుతోంది. అంతకుముందు పలకనివాళ్ళు కూడా పిండి అడుగుతున్నారు!

"ఏమి రాసినారు? చదివి చెప్పు, చెప్పు!" అని మాదేష్ ఆమె భుజం ఊపేస్తున్నాడు. మేనక తెర మీద వేలు పెట్టి పేర్లు లెక్కపెడుతోంది.

ఈసారి పిండి నింపింది మేనకే, ప్రతి కవరునూ వెలుతురుకు పట్టి చూసి మరీ. సాకమ్మ అరుగు మీద కూర్చుని, గుడ్డపీలికలో బొగ్గుముక్క ముడివేసి, ఒక్కొక్క పొట్లం మెడకు దారంతో కట్టింది. "ఆ వద్దన్న ఆయమ్మ బిడ్డ ఎట్లుండాదో," అని మధ్యలో ఒకసారి గొణిగింది.

పెట్టె ఒళ్ళో పెట్టుకుని బండి ఎక్కాక మేనకకు ఎందుకో అనుమానం వచ్చింది. మూత తెరిచి చూసింది.

"ఏమి? పిండి కారిపోతా ఉండాదా?" అన్నాడు మాదేష్.

"లేదు. ఒకదానికి బొగ్గుముడి లేదు. బండి ఆపు," అంటూ అప్పటికే దిగి ఇంట్లోకి పరుగెత్తింది.