మా అమ్మకు రాని పని

నా చిన్నప్పుడు మేము ఏ ఊళ్ళోనూ మూడేళ్ళకు మించి ఉన్నది లేదు. మా నాన్న పాస్టరు. సంఘం ఎక్కడికి పంపితే అక్కడికి, రెండు ట్రంకు పెట్టెలూ ఒక గోనెసంచి నిండా వంటసామానూ సర్దుకుని వెళ్ళిపోయేవాళ్ళం. ఇప్పుడు నాకు డెబ్బై దగ్గరపడుతోంది. నేనూ ఆ పనిలోకే వచ్చి, ఆరేళ్ళ కిందట ఐర్లండ్‌లో వాయవ్య తీరాన ఉన్న స్లైగోకు చేరాను. ఇక్కడి ఆసుపత్రిలోనూ వృద్ధాశ్రమాల్లోనూ పనిచేసే మన తెలుగు నర్సుల కుటుంబాలకు ఆదివారం ప్రార్థన జరపడం, ఇరుగుపొరుగుతో కలిసిమెలిసి ఉండడం మా దంపతుల పని. ఈ పనికి కావలసిన చదువు నాకు ఏ బైబిలు బడిలోనూ దొరకలేదు. ఎనిమిదేళ్ళ వయసులో, సముద్రపొడ్డున ఒక బెస్త పల్లెలో, ఒక్క పూటలో దొరికింది.

ఆ పల్లె శ్రీకాకుళం వైపు ఉండేది. మాది గోదావరి కాలవల మధ్య ఊరు. సముద్రాన్ని అంతకు ముందు చూసినవాళ్ళం కూడా కాదు. వెళ్ళిన వారంలోనే మా నాన్న దుప్పట్లు, పాలపొడి, జ్వరం మాత్రలు పంచారు. అందరూ వచ్చి తీసుకున్నారు. ఆ తర్వాత ఒక్కరూ మా గుమ్మం తొక్కలేదు. మేము ఎదురుపడితే తల తిప్పుకునేవారు. నాతో ఆడుకోవడానికి ఏ పిల్లా వచ్చేది కాదు. రెండు నెలలు చూసి, మా నాన్న బదిలీ కోరుతూ పెద్దలకు ఉత్తరం రాశారు. మా అమ్మ దాన్ని పోస్టు చెయ్యనివ్వలేదు. ఒక్క వారం ఆగమంది.

మర్నాడు పొద్దున్నే ఒడ్డుకు వెళ్ళి ఒక చిన్న సొర చేప కొనుక్కొచ్చింది. దాన్ని చేటలో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, పక్కింటి పెద్దమ్మ వాకిట్లోకి నడిచింది. ఆ పెద్దమ్మంటే నాకు హడల్. గొంతెత్తి పిలిస్తే మూడిళ్ళ అవతల కుక్కలు కూడా లేచి నిలబడేవి. ఆవిడ వల బాగుచేసుకుంటూ మా వైపు చూసింది, రమ్మనలేదు.

మా అమ్మ చేట కింద పెట్టి, దీన్ని ఎలా తోమాలో కాస్త చూపిస్తారా అని అడిగింది.

నాకు ఆశ్చర్యమూ, దానికి మించి ఉక్రోషమూ వచ్చాయి. కొరమీను తోమడంలో మా అమ్మను మించినవాళ్ళు మా వీధిలో లేరు. ఆ మాటే పైకి అనేశాను. "మా అమ్మకి చేపలు తోమడం బాగా వచ్చు! అందరికంటే బాగా వచ్చు!"

మా అమ్మ ముఖం ఎర్రబడింది. పెద్దమ్మ వల పక్కన పడేసి లేచింది. "గుంట నిజం సెప్పేసింది! వచ్చీ రానట్టు ఏటి నాటకం పాస్టరమ్మా? వచ్చుంటే తోము, సూద్దాం," అంది.

అమ్మకు ఇక తప్పలేదు. మా ఊళ్ళో కొరమీనుకు చేసినట్టే సొరకు బూడిద రాసి, రాయి మీద తోమడం మొదలుపెట్టింది. ఎంత తోమినా ఆ ఇసుక లాంటి చర్మం ఊడలేదు. అమ్మ అరచేతులు గీరుకుపోయాయి. చుట్టుపక్కల ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ నిలబడ్డారు. మొదట పెద్దమ్మ నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. చివరికి మా అమ్మ కూడా రాయి మీద చతికిలబడి, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. అప్పుడు పెద్దమ్మ లోపలికి వెళ్ళి, మరిగే నీళ్ళు తెచ్చి సొర మీద పోసింది. "ఇది మీ కాలవ సేప కాదమ్మా. ఏన్నీళ్ళకి గానీ లొంగదు," అంటూ ఆల్చిప్పతో గీకితే, ఆ గరుకంతా బురదలా వచ్చేసింది. అమ్మ చేతికి ఆల్చిప్ప ఇచ్చి, మిగతాది ఆమెతోనే గీకించింది.

ఆ మధ్యాహ్నం పెద్దమ్మ మనవరాలు నన్ను ఆటకు పిలిచింది. సాయంత్రం ఎవరో మా గుమ్మంలో నెత్తళ్ళ చేపలు పెట్టి వెళ్ళారు. ఉత్తరం పోస్టు కాలేదు. ఆ పల్లెలో మూడేళ్ళూ ఉన్నాం.

ఆ రోజు ఇంటికి వచ్చాక, అమ్మ తిడుతుందని మూల నక్కాను. తిట్టలేదు. గీరుకున్న చేతులకు కొబ్బరినూనె రాసుకుంటూ చెప్పింది. "మనం ఎప్పుడూ ఇచ్చేవాళ్ళలాగే వెళ్తుంటే వాళ్ళకి చిన్నతనంగా ఉండదూ? అందుకని రానట్టు నటించి అడుగుదామనుకున్నాను. తీరా చూస్తే నిజంగానే రాదు. నువ్వు నోరు జారకపోతే ఆ సంగతి నాకు తెలిసేదే కాదే."

అది నాకు అప్పుడు సగమే అర్థమైంది. మిగతా సగం అర్థం కావడానికి స్లైగో దాకా రావలసి వచ్చింది.

ఇక్కడ మా పక్కింట్లో నా ఈడు ఐరిష్ ఆవిడ ఒక్కతే ఉంటుంది. మేము వచ్చిన కొత్తలో ఆదివారం ప్రార్థనకు వచ్చే కార్లు ఆవిడ గేటుకు అడ్డంగా ఆగేవి. ఆవిడ మాతో ఒక్క మాటా అనకుండా, నేరుగా మా ఇంటి ఓనరుకు చెప్పింది. అతను, ఇలాగైతే లీజు పొడిగించనని మెసేజి పెట్టాడు. ఆ ఇల్లు పోతే ప్రార్థనకు చోటు లేదు. ఈ ఊళ్ళో మరో ఇల్లు దొరకడం అంత తేలిక కాదు. క్షమాపణగా కేకు పట్టుకెళ్ళాను. "యూ ఆర్ గ్రాండ్," అని తలుపు వేసేసింది. గ్రాండ్ అంటే ఎంతో బాగున్నావని మెచ్చుకుందనుకుని సంబరపడ్డాను. మరోసారి పూలకుండీ, ఇంకోసారి పులిహోర పట్టుకెళ్ళాను. ప్రతిసారీ నేను గ్రాండే. ఇక చాలు అనడానికి కూడా ఇక్కడ ఆ మాటే వాడతారని మా సంఘంలో ఒక నర్సమ్మాయి చెబితే తెలిసింది.

ఆ చలికాలం మా ఇంట్లో హీటింగు చెడిపోయింది. మిగిలింది ఇనుప స్టవ్వు ఒక్కటే. అందులో టర్ఫ్ అనే ఎండిన మట్టిగడ్డలు వేసి కాల్చాలి. గంటసేపు తంటాలు పడ్డాను. ఇల్లంతా పొగ నిండింది గానీ మంట పుట్టలేదు. మా ఆయన ఫోన్లో వీడియో వెతకబోతుంటే నాకు మా అమ్మ గీరుకుపోయిన చేతులు కళ్ళముందు కదిలాయి. మసి చేతులతోనే వెళ్ళి పక్కింటి తలుపు కొట్టాను. ఈసారి నా చేతిలో ఏమీ లేదు. నాకు నిప్పు రాజెయ్యడం రావడం లేదు, చూపిస్తారా అని అడిగాను.

ఆవిడ నా చేతులు చూసి, కోటు తగిలించుకుని వచ్చింది. మోకాళ్ళ నొప్పితోనే నేల మీద కూర్చుని, నేను కుక్కిన గడ్డలన్నీ బయటికి లాగేసి, "గాలి ఆడొద్దూ? దీని పీక నులిమేశావు," అంది. ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి అంటించింది. తర్వాత అన్నీ పీకేసి, నన్ను మళ్ళీ పేర్చమంది. మూడోసారికి నేను వేసిన మంట నిలబడింది. ఇద్దరం టీ తాగుతూ కూర్చున్నాం. అప్పుడు ఆవిడ, మంట వైపే చూస్తూ, తన అక్క సంగతి చెప్పింది.

అక్క చిన్నవయసులోనే కాన్వెంటులో చేరి, మిషన్ పని మీద ఆఫ్రికా వెళ్ళిపోయిందట. అమ్మ పోయినప్పుడు కూడా రాలేదట. ఇప్పుడు పక్క కౌంటీలోనే, ముసలి సిస్టర్లు ఉండే ఇంట్లో ఉందట. ఈవిడ ఒక్కసారీ వెళ్ళి చూడలేదట. "ఊరందరికీ ప్రేమ పంచింది, మాకు తప్ప. మీరు పళ్ళేలు పట్టుకుని వస్తే నాకు అదే కనిపించింది," అంది.

నా దగ్గర జవాబులు చాలానే ఉన్నాయి. ఏళ్ళ తరబడి వాటితోనే బతికాను. ఆ రోజు ఒక్కటీ పైకి తీయలేదు. మీ అక్క ఎలాంటి మనిషి, చిన్నప్పుడు మీరిద్దరూ ఏం ఆడుకునేవారు అని అడిగాను. చీకటి పడేదాకా చెబుతూనే ఉంది.

నెల తర్వాత ఆవిడే వచ్చి అడిగింది, ఎవరైనా తోడు వస్తే అక్కను చూసొస్తానని. మా ఆయన కారు నడిపారు. ఆ గదిలో అక్కాచెల్లెళ్ళు చాలాసేపు వాన గురించే మాట్లాడుకున్నారు. నేను బయటికి వెళ్ళబోతుంటే అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుని, "అమ్మ పోయినప్పుడు రావడానికి టికెట్టు దొరకలేదని చెప్పాను కదా, అది అబద్ధం. వస్తే మళ్ళీ వెళ్ళలేనని భయపడ్డాను," అంది. చెల్లెలు కుర్చీ దగ్గరికి జరుపుకుని, అక్క స్వెట్టరుకు తప్పు పడ్డ గుండీలు విప్పి, మళ్ళీ సరిగ్గా పెట్టింది.

ఇప్పుడు ఆదివారం కార్లు ఆవిడ పెరట్లోనే ఆగుతాయి. లీజు కూడా ఆవిడ మాట మీదే నిలబడింది. ప్రార్థనకు మాత్రం ఒక్కసారీ రాలేదు, నేనూ రమ్మనలేదు. అయ్యాక టీకి వస్తుంది. మా సంఘం పిల్లలతో, వాళ్ళకూ అబ్బిన ఇక్కడి యాసలోనే పోట్లాడుతుంది. గురువారాలు అక్క దగ్గరికి వెళ్తుంది.

డబ్లిన్‌లో శాండీఫోర్డ్ వైపు కొత్తగా ఈ పనికి వచ్చిన జంట ఒకటి నాకు ఫోన్ చేస్తుంటారు. "ఆంటీ, ఇక్కడివాళ్ళ దగ్గరికి ఏం తీసుకెళ్ళాలి?" అని మొన్న ఆ అమ్మాయి అడిగింది. మీకు ఏం రాదో ముందు వెతుక్కోండి, నిజంగా రానిదే అయి ఉండాలి సుమా అన్నాను. నవ్వులాట అనుకుంది. కానీ ఆ పల్లె నుంచి నేను మోసుకొచ్చిన ఆస్తి అదొక్కటే. వయసు మీదపడేకొద్దీ నాకు చేతకాని పనులు పెరుగుతున్నాయే గానీ తగ్గడం లేదు. అందుకే, ఎంత కొత్త మనిషి తలుపైనా సరే, దిగులు లేకుండా వెళ్ళి కొట్టగలను.