సుగుణక్క సర్దని బల్ల

సుగుణక్క చనిపోయింది.

నిన్న పొద్దున డ్యూటీకి తల దువ్వుకుంటుంటే నసీమా ఫోన్ చేసింది. "అక్క లేస్తలేదు. అంబులెన్స్ వచ్చింది. నువ్వు జల్దీ రా."

అజ్మాన్ నుంచి దుబాయ్‌లో కరామా చేరేసరికి అంతా అయిపోయింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. మొన్న సాయంత్రం కూడా వాట్సాప్‌లో పువ్వుల బొమ్మ పంపింది. నేను చూసి ఊరుకున్నాను.

తెలియనివాళ్ళ కోసం రాస్తున్నా. సుగుణక్కది నరసాపురం దగ్గర పల్లెటూరు. ఇక్కడ ఒక విల్లాలో వంటపని చేసి సాయంత్రానికి రూముకి వచ్చేసేది. పెళ్ళికి ముందు నేను కరామాలో బెడ్‌స్పేస్‌లో, అంటే ఒక్క మంచం అద్దెకి తీసుకుని, ఉన్న నాలుగేళ్ళూ నా కింద బెడ్ తనదే. ఎదురు బెడ్ నసీమాది, నిజామాబాద్ పిల్ల.

ఆ రూములో ఎనిమిది మందిమి. ఎవరి టిఫిన్ డబ్బా వాళ్ళది, ఎవరి తిండి వాళ్ళ మంచం మీద.

అక్కకి అది నచ్చేది కాదు.

పండగొస్తే చాలు, రెండు సూట్‌కేసుల మీద మంచం చెక్క వేసి బల్ల తయారు చేసేది. దాని మీద బొంత పరిచేది. అన్నీ పాత చీరలతో తను చేత్తో కుట్టినవే. క్రిస్మస్‌కి ఎరుపు, ఉగాదికి ఆకుపచ్చ, రంజాన్‌లో నసీమా ఇఫ్తార్‌కి తెలుపు, మామిడిపళ్ళ రోజుల్లో పసుపు.

బొంత మీద ఆరు పింగాణీ పళ్ళేలు. అంచు చుట్టూ నీలం పూలు. వాళ్ళ అమ్మమ్మ రంగూన్‌లో కొనుక్కుని, బొంతలో చుట్టి ఓడలో తెచ్చుకుందట. అక్క వాటిని లీవ్‌కి వెళ్ళినప్పుడల్లా రెండేసి చొప్పున హ్యాండ్ లగేజ్‌లో ఇక్కడికి చేర్చింది.

"బొంత కప్పుకునేది కదక్కా, బల్ల మీద ఎవరైనా పరుస్తారా?" అని ఏడిపించేదాన్ని.

"ఈ పళ్ళేలు సముద్రం దాటింది బొంతలోనేనే. కింద అది లేపోతే బెంగెట్టుకుంటాయి" అనేది.

ఒంటిచేత్తో పళ్ళెం ఎత్తితే మాత్రం ఇంతెత్తున లేచేది. "రెండు చేతులూ పెట్టవే, ఎత్తింది మా అమ్మమ్మని!"

విల్లాలో రోజూ పన్నెండు మందికి బల్ల సర్దే మనిషి. అయినా మా కోసం సర్దేటప్పుడు ఆ ముఖంలో వెలుగే వేరు. పళ్ళేలు ఆరు, మేం ఎనిమిది మందిమి. తను ఎప్పుడూ రెండో పంక్తే. ఎంత బతిమాలినా ముందు కూర్చునేది కాదు.

పెళ్ళయ్యాక మేం అజ్మాన్‌లో ఫ్లాట్ తీసుకున్నాం. డైనింగ్ టేబుల్ కొన్నాం. అక్క చూడ్డానికి వచ్చి, టీ కూడా ముట్టకుండా ఆ టేబుల్‌ని జానలతో కొలిచింది.

"నిజం బల్లే! ఈ క్రిస్మస్‌కి నేనే సద్దుతానే. నువ్వు వండుకో, చాలు."

ఇన్నేళ్ళ దుబాయ్‌లో ఆ పళ్ళేలకి అయినవాళ్ళ ఇంట్లో ఒక బల్ల దొరకడం అదే మొదటిసారి. నేను సరే అన్నాను.

ఇక్కడి నుంచి రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆ క్రిస్మస్‌కి మా ఆయన తన మేనేజర్ ఫ్యామిలీని భోజనానికి పిలిచారు. జెబెల్ అలీ పోర్టులో ఆయన ఉద్యోగం కాంట్రాక్ట్ రెన్యువల్ అప్పుడే. పాత చీరల బొంత పరిచి వాళ్ళకి భోజనం ఏం పెడతాం అనిపించింది. ఆయన ఏమీ అనలేదు. అనిపించింది నాకే.

మాల్‌కి వెళ్ళి కొత్త డిన్నర్ సెట్ కొన్నాను. టేబుల్ మీదకి బంగారు రంగు గుడ్డ కొన్నాను.

అక్కకి ఫోన్ చేసి, "మేం ఫుజైరా వెళ్తున్నామక్కా, ఈసారికి కుదరదు" అన్నాను.

"ఎల్లిరండే. కొండల్లో చలేత్తాది, స్వెట్టర్ అట్టుకెళ్ళు" అంది.

పండగ రోజు బుద్ధి లేక టేబుల్ ఫోటో స్టేటస్‌లో పెట్టాను. కాసేపటికి చూసినవాళ్ళ లిస్టులో అక్క పేరు. వెంటనే డిలీట్ చేశాను.

తర్వాత చర్చిలో చాలాసార్లు కలిశాం. ఒక్క మాట అనలేదు. నేనూ ఎత్తలేదు. ఈస్టర్‌కి ఇంటికి పిలిచి, కాళ్ళు పట్టుకుని చెప్పేద్దాం అనుకున్నాను. ఈస్టర్‌కి ఇంకా పది రోజులుంది.

ఈరోజు పొద్దున అక్క కూతురు జ్యోతి ఊరి నుంచి ఫోన్ చేసింది. అమ్మని ఇంటికి పంపే పేపర్ల గురించి మాట్లాడి, ఏడుస్తూ అడిగింది.

"పిన్నీ, క్రిస్మస్‌కి మీ ఇంట్లో బల్లంతా తనే సద్దానని అమ్మ సెప్పిందండి. ఫోటో కూడా పంపింది. పళ్ళేలు మనవి కావేంటమ్మా అంటే, ఆళ్ళది కొత్త కాపరం, కొత్తయ్యే పెట్టానంది. ఆ ఫోటోలో అమ్మ లేదండి. అమ్మ పడ్డ ఫోటో మీ ఫోన్లో ఉంటాది కదా, ఒక్కటి పంపరా?"

అది నా స్టేటస్ ఫోటో. నేను తీసేసేలోపే అక్క స్క్రీన్‌షాట్ తీసుకుంది.

"వెతుకుతాను తల్లీ" అన్నాను. మళ్ళీ అబద్ధం.

జ్యోతీ, ఇది నువ్వు చదువుతావని తెలుసు.

ఆ ఫోటో లేదమ్మా. ఆ రోజు మీ అమ్మ మా ఇంటికి రాలేదు. నేనే రానివ్వలేదు. నీతో అలా ఎందుకు చెప్పిందో, నా పరువు కోసమో, నువ్వు బాధపడతావనో, ఇక అడగడానికి మనిషి లేదు.

అబద్ధాన్ని స్టేటస్‌లో పెట్టినదాన్ని. నిజం కూడా అందరి ముందే పెడుతున్నాను. పేపర్లు పూర్తయ్యాక అమ్మతో పాటు నేనూ వస్తున్నాను. నువ్వు ఎంత తిట్టినా పడతాను.

మిగతావాళ్ళు దయచేసి నన్ను ఓదారుస్తూ కామెంట్లు పెట్టకండి. ఆ పిల్లకి ఒక మాట చెప్పండి.

వెళ్ళిరా అక్కా. నన్ను ఎప్పుడో క్షమించేశావని ఈరోజే తెలిసింది. అదే మోయలేకపోతున్నాను.

దేవుడు నీకు నెమ్మదినివ్వాలి.